ఆమె కూతురి పేజీ

మీరేం రాస్తారండీ అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు అనబోయే రెండో మాట నాకు ముందే తెలుసు. హైస్కూలు పిల్లలకి పుస్తకాలు రాస్తానంటాను. "ఓ, పిల్లల కథలా!" అంటారు. కథలు కాదండీ, నిజంగా బతికిన మనుషుల జీవితాలు అంటాను. అప్పుడు మొహం అదోలా పెట్టి, "నిజాలైతే పిల్లలకెందుకండీ?" అంటారు. పోయినేడు నరసరావుపేటలో ఒక పెళ్లి బంతిలో మా బంధువు ఒకాయన సరిగ్గా ఇదే మాట అన్నాడు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి ఆయనకి పెద్ద క్లాసే పీకాను. పదమూడేళ్లొచ్చిన పిల్లకి అన్నీ అర్థమవుతాయండీ, వాళ్లకి అబద్ధం చెప్పడమంత పాపం ఇంకోటి లేదండీ అని. పక్కనావిడ పెరుగన్నం దాకా వెళ్లిపోయింది, నేనింకా పప్పు దగ్గరే ఉన్నాను.

అంత నోరు చేసుకున్నదాన్ని అప్పటికే ఏం చేసి ఉన్నానో చెబుతాను.

నాకొక పద్ధతి ఉండేది. ఎవరి గురించి రాసినా సరే, అచ్చుకి పోయేముందు కాగితాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాలి. వాళ్లు కాదన్నది కొట్టెయ్యాలి. వాళ్లు వినని మాట పుస్తకంలో ఉండకూడదు, విన్న మాట పోకూడదు. చీమకుర్తిలో గ్రానైట్ కోసే ఆయనకి మిషన్ల హోరులో అరిచి అరిచి చదివాను, రెండు రోజులు గొంతు పెగల్లేదు. పొన్నూరు దగ్గర రైసుమిల్లులో పనిచేసినావిడకి ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చదివాను. ఈ పద్ధతి గురించి సభల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని. చదువురాని వాళ్ల మీద పుస్తకం రాసేవాళ్లకి ఈ మాత్రం నీతి ఉండాలండీ అనేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్లు.

చేతిపని మీద బతికినవాళ్ల జీవితాలంటూ ఒక ప్రచురణకర్త హైస్కూళ్ల కోసం వరసగా చిన్న పుస్తకాలు వేస్తున్నాడు. అందులో ఒకటి నాకిచ్చాడు. దర్శి నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఒక ఊళ్లో పరుపులు కుట్టే ఆమెని నేను ఎంచుకున్నాను. అరవై దాటిన మనిషి. దూదేకుల వాళ్లు. నమాజు చేస్తారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "ఉర్దూ వచ్చిన సాయిబులు మమ్మల్ని తెలుగోళ్లంటారు, తెలుగోళ్లేమో సాయిబులంటారు. పరుపు మీద పడుకునేటప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనరు టీచరమ్మా" అని నవ్వేది. నేను టీచర్ని కాదు మొర్రో అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. చేతిలో పుస్తకం ఉన్న ప్రతి ఆడమనిషీ ఆమె లెక్కలో టీచరమ్మే.

పాత పరుపు విప్పితే లోపల దూది గడ్డలు కట్టి ఉంటుంది. దాన్ని మళ్లీ ఏకి, విడదీసి, కొత్తదాన్ని చేసి నింపి కుట్టాలి. పెళ్లయిన కొత్తలో ఆమె భర్త నరం కట్టిన పెద్ద బద్దతో ఇంటింటికీ తిరిగి, విల్లులా మీటుతూ దూది ఏకేవాడట. తర్వాత మిషను కొన్నారు. పళ్లున్న రోలరు, దాన్ని తిప్పే బెల్టు, ఒక మోటారు. ఇంటి పక్కన రేకుల పంచలో పెట్టారు. భర్త దగ్గి దగ్గి పోయాడు. ఆమె మిషనుతోనే ముప్పయ్యేళ్లు ఇల్లు నడిపింది. నేను వెళ్లేసరికి మిరపకాయలు రోడ్డు పక్కన ఆరబోసి ఉండేవి. బస్సు దిగిన దగ్గర్నించీ నేను తుమ్ముతూనే ఉండేదాన్ని. ఆమె తన దూది దుమ్ములో దగ్గుతూ ఉండేది. ఇద్దరం కలిసి అట్టా ఒక పూటలో మాట్లాడుకునేది తక్కువే.

నాలుగోసారి వెళ్లినప్పుడు అటక మీంచి ఒక చిన్న దిండు దించింది. కుట్టు వంకర టింకరగా ఉంది. చేత్తో నొక్కితే రాయిలా ఉంది.

"దీన్ని విప్పి ఏకలేదేం?" అన్నాను.

"నా బిడ్డ కుట్టింది. విప్పను" అంది.

ఆమెకి కూతురుండేదని అప్పటిదాకా నాకు తెలీదు. నాలుగు దఫాలుగా జీవితం మొత్తం రాసేసుకున్నాననుకుంటున్న ఘనురాలిని! పదమూడేళ్ల పిల్ల. ఏడో తరగతి. ఒక రోజు మిషనుకి దూది అందిస్తుంటే ఓణీ కొంగు బెల్టులో పడింది. తల్లి వాకిట్లో పరుపు కుడుతోంది. మోటారు మోతలో ఏమీ వినపడలేదు. దూది అయిపోయి ఉంటుంది, ఇంకా రాదేమా అని వెళ్లి చూసింది.

ఆ పిల్ల ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆధారు కార్డుల కాలం కాదు. మట్టి చేసిన చోట రాయి పెట్టలేదు, నాలుగు వానలకి దిబ్బ నేలలో కలిసిపోయింది. ఊళ్లో ఇప్పుడున్న సగం మందికి అట్టాంటి పిల్ల ఒకతె ఉండేదని తెలీదు.

"టీచరమ్మా, దాని పేరు పుస్తకంలో రాస్తావా?" అని అడిగింది. "ఊరికే పేరొద్దు. ఎట్టా పోయిందో రాయి. మిషను దగ్గర ఓణీ వదిలేసుకుని కూర్చోవద్దని రాయి. పిల్లలు చదివేదే గదా."

"రాస్తానమ్మా" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

రాశాను కూడా. ఒక్క పేజీ. నేను రాసినవాటిల్లో నాకు నచ్చినవి చాలా తక్కువ, అది నచ్చింది. ఏడుపు పెట్టలేదు, నీతి చెప్పలేదు. ఏం జరిగిందో రాసి, పేరు రాసి, ఊరుకున్నాను.

పది రోజులకి ప్రచురణకర్త ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు, అదే నాకు చిరాకు.

"మేడమ్, పుస్తకం అద్భుతంగా ఉంది. ఆ ఒక్క పేజీ తీసేద్దాం."

"ఎందుకండీ?"

"పదమూడేళ్ల పిల్ల అట్లా పోవడం పదమూడేళ్ల పిల్లలు చదవాలా మేడమ్?"

"వాళ్లే చదవాలి. ఇంకెవరు చదవాలి?"

"చదివేది వాళ్లే మేడమ్. బళ్లోకి రానిచ్చేది హెడ్మాస్టర్లు. తల్లిదండ్రులు గొడవ చేస్తారని ఒక్కరు భయపడితే చాలు, కట్టలు విప్పకుండా వెనక్కి పంపిస్తారు. స్ఫూర్తి ఉండాలి మేడమ్. ఆవిడ మిషను కొనుక్కుంది, నిలబడింది. అక్కడితో చాలు."

అరిచాను. నా పేరు తీసెయ్యండి అన్నాను. అదేం లేదు మేడమ్, ఆలోచించుకోండి అని పెట్టేశాడు. రెండు రోజులు ఆలోచించుకున్నాను. అంటే ఏమిటి, నాకు కావలసిన సాకులు వెతుక్కున్నాను. మొత్తం పుస్తకం ఆగిపోతే ఆమె కథే పిల్లలకి చేరదు కదా అనుకున్నాను. పేజీ పోతే పోయింది, మనిషి నిలబడుతుంది కదా అనుకున్నాను. మూడో రోజు ఫోన్ చేసి సరే అన్నాను. ఆ నోటితోనే తర్వాత నరసరావుపేట పెళ్లిలో క్లాసు పీకింది.

సరే అన్నాక ఇంకా పద్ధతి మిగిలి ఉంది కదా, చదివి వినిపించాలి. అచ్చుకి పోయే కాపీ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పేజీ తీసేశారని చెప్పేద్దామనే వెళ్లాను, ఒట్టు. కానీ సంచిలో ఆ తీసేసిన పేజీ పాత కాగితం కూడా పెట్టుకున్నాను. చెప్పేసే మనిషికి పాత కాగితం ఎందుకు?

ఆమె ఆ రోజు మిషను ఆపేసి, తలకి నూనె పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. మొదలుపెట్టాను. భర్త, బద్ద, ఊళ్లు తిరగడం, మిషను కొనడం. ఆ తర్వాత వంగి సంచిలోంచి పాత కాగితం తీశాను. చదువురాని ఆమెకి అన్ని కాగితాలూ ఒకటే కదా. చదివాను.

"మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను. మూడోసారి కూడా అడిగింది. మూడోసారి విన్నాక, "అంతా బాగుంది. ఓణీ నీలం కాదు, చిలకాకుపచ్చ. అది మార్చు" అంది.

నేను పెన్ను తీసి నీలం కొట్టేసి చిలకాకుపచ్చ అని దిద్దాను. అచ్చులో లేని కాగితం మీద, ఆమె చూస్తుండగా, బుద్ధిగా దిద్దాను. ఈ పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని పాత పేపర్ల కట్టలో వేసేశాను.

పుస్తకం వచ్చింది. వాళ్ల ఊరి బళ్లో ఆమెకి శాలువా కప్పారట. నన్నూ పిలిచారు, జ్వరమని చెప్పాను. కొన్ని నెలలు గడిచాయి. పత్తి తీతలు అయిపోయి మిరప కోతలు మొదలైన రోజుల్లో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"టీచరమ్మా, ఒకసారి రావాల" అంది ఆమె. "ఇక్కడొక పిల్ల ఉంది. సరిగ్గా చదవటంలా."

 వస్తానమ్మా అన్నాను.

వెళ్లేసరికి రేకుల పంచలో మిషను తిరుగుతోంది. పక్కింటి పిల్లట, తొమ్మిదో తరగతి, పంజాబీ డ్రెస్సులో కూర్చుని రోలరుకి దూది అందిస్తోంది. ఆదివారాలు సాయం వస్తుందట. రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చాక పుస్తకం చదివి వినిపిస్తుందట. నన్ను చూడగానే ఆమె మోటారు ఆపించి, ట్రంకుపెట్టెలోంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తీసుకొచ్చింది.

"ఇది దొంగమొహంది టీచరమ్మా. అంతా గడగడా చదివిద్ది. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఎగ్గొట్టేసిద్ది. చావంటే భయమేమో మరి! భయమైతే భయమని చెప్పొచ్చుగా. లేదంట. పుస్తకంలో లేనే లేదంట! నా చెవులతో నేను మూడుసార్లు విన్నా, నాకే చెప్పిద్దా? మొన్న ఒకటి పీకా కూడా. ఇదిగో, నువ్వు చదువు. ఇది చూసి నేర్చుకుంటది."

ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. జుట్టు మీద దూది నూగు. ఏడవట్లేదు, కోపంగా కూడా లేదు. ఏం చేస్తానా అని చూస్తోంది.

పుస్తకం తెరిచాను. మిషను కొన్న సంగతి అయిపోయిన చోట ఒక లైను ఖాళీ వదిలి, తర్వాతి పేరా మొదలైంది. ఆ ఖాళీ మీద వేలు పెట్టి నేను చదవడం మొదలుపెట్టాను. ఒక్క మాట తప్పు పోలేదు. రాసేవాళ్లకి కొట్టేసిన వాక్యాలే బాగా గుర్తుంటాయి. ఓణీని చిలకాకుపచ్చ అనే చదివాను. కళ్ల ముందున్న అచ్చులో ఆమె పట్టుదల గురించీ స్ఫూర్తి గురించీ ఉంది, నా నోట్లోంచి చనిపోయిన పిల్ల వస్తోంది. మధ్యలో పక్కింటి పిల్ల వచ్చి నా వెనక నిలబడింది. నా భుజం మీంచి పుస్తకంలోకి చూస్తోందని తెలుస్తూనే ఉంది. అయినా ఆపలేదు. వేలు కూడా జరుపుతూ చదివాను, సిగ్గులేని దాన్ని.

"చూశావా?" అంది ఆమె ఆ పిల్లతో. "ఉందా లేదా? చదువుకునే పిల్లవేనా నువ్వు?"



బస్సు దాకా తోడు వెళ్లమని ఆమే ఆ పిల్లని నాతో పంపింది. రోడ్డు మీద ఎర్రగా మిరపకాయలు, వాటి మధ్య మా ఇద్దరికీ నడవడానికి చారెడు దారి.  నాకే ఆగక, "ఆమెకి చెప్పావా, లేదని?" అన్నాను.

"మొదటి రోజే చెప్పానండి. రోజూ చెప్పానండి."

"నమ్మలేదా?"

"టీచరమ్మ చదివింది, నేను విన్నా అందండి. ఊరంతా చెప్పింది నాకు చదవటం రాదని. మా అమ్మ కూడా అడిగింది, నిజంగానే రాదా అని." మళ్లీ తనే, "నేను క్లాసులో ఫస్టండి" అంది.

 నేను ఎవరికోసం రాస్తానని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నానో ఆ మనిషి ఇదిగో, నా పక్కన నడుస్తోంది. నా పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన ఒకే ఒక్క పిల్ల, నా వల్ల దెబ్బ తిని, చదువురాని దానికింద జమైపోయింది.

బస్సు వచ్చింది. కండక్టరు "ఎక్కండమ్మా, ఎక్కండి, మళ్లీ సాయంత్రం దాకా లేదు" అని అరుస్తున్నాడు. ఆ పిల్ల పక్కకి జరిగి దారిచ్చింది. నేనెక్కుతాననే అనుకుంది. నిజం చెప్పొద్దూ, ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. తర్వాత దింపేశాను. కండక్టరు ఏదో తిట్టుకుంటూ విజిల్ ఊదాడు.

మేం తిరిగి వెళ్లేసరికి ఆమె వాకిట్లో పరుపు కుడుతోంది. పెద్ద సూది, తెల్ల దారం.

"ఆ పిల్ల చదివిందే నిజమమ్మా" అన్నాను, కూర్చోకుండానే. "పేజీ లేదు. తీసెయ్యమన్నారు, నేను ఒప్పుకున్నాను. ఆ రోజు నీకు వేరే కాగితం చదివాను. ఇందాక చూడకుండా చదివాను."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. సూది పరుపులోనే ఉంచి నా మొహంలోకి చూసింది. మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టం.

"ఆ కాగితం యాడుంది?"

"పారేశానమ్మా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను. పుస్తకం నా మొహాన కొడుతుందనుకున్నాను. పరుపులోంచి సూది లాగి పక్కన పెట్టింది. తర్వాత మామూలు గొంతుతోనే అంది.

"మాలో మట్టికి ఆడోళ్లు పోరు. నా బిడ్డని మట్టి చేసేటప్పుడు నేను చూళ్లా. మగోళ్లు తీసుకుపోయారు, ఒట్టి చేతులతో వచ్చారు. నువ్వూ అట్టనే చేశావా? నేను చూడకుండా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను పట్టించుకోలేదు. లేచి ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, కొట్టిన చెంప మీద అరచెయ్యి పెట్టింది.

"కొట్టాను గదే నిన్ను."

"ఏం కాలేదులే" అంది ఆ పిల్ల. అని, అప్పుడు ఏడ్చింది.

"నేను మళ్లీ రాస్తానమ్మా" అన్నాను. "ప్రతి మాటా గుర్తుంది. ఇప్పుడే రాసి ఈ పుస్తకంలో అంటిస్తాను."

"నీ నోట్లో ఉండేది నాకొద్దు" అంది. "ఇది రాసిద్ది."

ఆ పిల్ల పరుగున వెళ్లి లాంగు నోటుబుక్కు తెచ్చింది. ఇద్దరూ పంచలో మిషను పక్కన చాప మీద కూర్చున్నారు. నన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు. గడప దగ్గర కూర్చున్నాను. ఆమె ముందు కూతురి పేరు చెప్పి రాయించింది, రాసింది చదవమంది. ఆ పిల్ల చదివింది. ఆ పేరు నేనిక్కడ రాయను. రాయాల్సిన చోట రాయనిదాన్ని, ఇక్కడ రాసి మంచిదాన్ననిపించుకోవడం ఎందుకు?

చిలకాకుపచ్చ ఓణీ, మోటారు మోత, వాకిట్లో పరుపు. అన్నీ నాకు చెప్పినవే, నేను రాసినవే. ఆ పిల్ల తల వంచుకుని గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ పోతోంది. జారిన చున్నీని ఎడంచేత్తో తీసి నడుముకి చుట్టుకుంది, రాస్తూనే. ఆమె ఒక చోట ఆగింది. మిషను వైపు చూసింది.

"ఆ రోజు అది బడికి పోతానని ఏడ్చింది" అంది. "పరీక్షో ఏదో. ఒక రోజు పోకపోతే ఏమవుద్ది, పెళ్లోళ్లు పరుపులకి తొందర పెడతన్నారు అన్నా. వినలా. సంచి తగిలించుకుని బయల్దేరింది. నేనే జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి, రెండు పీకి, మిషను దగ్గర కూర్చోబెట్టా."

ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నాలుగుసార్లు వెళ్లాను, రెండు నోటు పుస్తకాలు నింపాను, చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. నాకు చెప్పలేదు.

ఆ పిల్ల పెన్ను ఆగిపోయింది. తలెత్తి ఆమె వైపు చూసింది.

"ఇది కూడా రాయనా?" అంది మెల్లిగా.

"రాయి" అంది ఆమె.